మాడ్చిన పంచదార

మా అమ్మ విజయవాడలో ఒక మిషను ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. భవానీపురంలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నేను బి.ఎ. మొదటి సంవత్సరం చదువుతున్నాను. దివిసీమ ఉప్పెనకు రెండేళ్ళ ముందు సంగతి ఇది.

అమ్మకు షర్బతులు కాచడం వచ్చు. హాస్టల్లో అంతకు ముందు వార్డెనుగా పనిచేసిన ఒక దొరసాని నేర్పిందట. ఆవిడ ఎండలకు తట్టుకోలేకపోయేది. ఏప్రిల్ వచ్చిందంటే వేడి కాఫీ మానేసి, చల్లారిన డికాషనులో ఐసు ముక్కలు వేసుకుని తాగేది. అందులో ఉత్త పంచదార వేస్తే కరగకుండా అడుగున ఉండిపోతుంది. అందుకని పంచదారను ముందే పాకంగా కాచి సీసాల్లో పోసి ఉంచమని అమ్మకు చెప్పింది. మొదట ఉత్త పాకమే. తర్వాత అమ్మ తనంతట తానే అందులో యాలకులు వేసి చూసింది, సుగంధి వేళ్ళు నానబెట్టి చూసింది, కమలాపండు తొక్క ఎండబెట్టి చూసింది. దొరసాని తన దేశం వెళ్ళిపోయాక కూడా అమ్మ వేసవిలో ఒకటి రెండు సీసాలు కాచేది. వార్డెనమ్మగారికొకటి, మాకొకటి.

వాటన్నిటిలో అమ్మకు ఇష్టమైనది పంచదార మాడ్చి కాచే పాకం. మందపాటి గిన్నెలో పంచదార ఒక్కటే వేసి, నీళ్ళు పోయకుండా సన్నటి సెగ మీద పెట్టేది. అది కరిగి తేనెరంగుకొచ్చాక మామూలు మనుషులైతే దించేస్తారు. అమ్మ దించేది కాదు. చింతగింజ రంగు వచ్చి, పొగ లేవబోయే దాకా చూసి అప్పుడు వేణ్ణీళ్ళు పోసేది. గిన్నె ఒక్కసారిగా బుస్సుమని పొంగేది. ఆ క్షణంలో అమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది కానీ చెయ్యి తీసేది కాదు. అమ్మ కుడి ముంజేతి మీద చిన్న చిన్న మచ్చలు చాలా ఉండేవి. కమలాపండు తొక్క లోపలి తెల్లదనమంతా గీకేసి, పైతొక్క మాత్రం అందులో వేసి మగ్గనిచ్చేది. చివర రెండు చుక్కల నిమ్మరసం, గడ్డకట్టకుండా.

ఆ ఏడు మా చర్చిలో కోతపండగకు అమ్మ నాలుగు సీసాల పాకం ఇచ్చింది. కోతపండగంటే ఎవరి పంటలోంచి, ఎవరి చేతిపనిలోంచి వాళ్ళు కొంత తెచ్చి దేవుడికి అర్పిస్తారు. తర్వాత వాటిని వేలం వేస్తారు. కోళ్ళు, గుమ్మడికాయలు, కుట్టుపని చేసిన దిండు గలేబులు, వాటి మధ్య మా అమ్మ సీసాలు. స్నేహితుడి వెంట సరదాగా చూడటానికి వచ్చిన ఒకాయన పాట పాడి రెండు సీసాలు కొనుక్కున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

వారం తిరక్కముందే ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గాంధీనగరంలో వాళ్ళకు కాఫీ హోటలు ఉందట. తండ్రి పోయాక తానే చూసుకుంటున్నాడు. కొత్తగా ఫ్రిజ్జు కొన్నాడు. మద్రాసులో కోల్డ్ కాఫీ తాగి వచ్చాడు, ఇక్కడా పెట్టాలని కోరిక. అయితే ఊరికే చల్లబెట్టిన కాఫీ అయితే ఎవరు తాగుతారు, దానికొక రుచి ఉండాలి, మీ సీసాలో అది కనబడిందండీ అన్నాడు.

నాన్న కుర్చీ ఆయనకిచ్చి తాను నిలబడ్డాడు. మా ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. మేము తాతల కాలంలో ఊరికి ఎడంగా ఉన్న పల్లెలోంచి మిషనులో చేరినవాళ్ళం. విజయవాడ వచ్చాక ఎవరూ మొహం మీద ఏమీ అనేవాళ్ళు కారు. కానీ ఇంటికొచ్చిన పై కులాలవాళ్ళు మంచినీళ్ళు అడిగేవాళ్ళు కారు. ఇస్తే, ఇప్పుడే తాగి వచ్చానండీ అనేవాళ్ళు. అమ్మ కూడా ఇవ్వడం మానేసింది.

ఆ రోజు మాత్రం ఇవ్వక తప్పలేదు. రుచి చూడకుండా ఎట్లా ఎంచుకుంటాడు? అమ్మ ఐదు రకాల పాకాలు ఐదు గిన్నెల్లో పోసి, డికాషను, పాలు చల్లార్చి, వీధి చివర నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు తెప్పించింది. గ్లాసులు మావే. ఆయన ఏమీ ఆలోచించలేదు. ఒక్కొక్కటే కలిపించుకుని తాగాడు.

అల్లం పాకం ఒక గ్లాసులో కలిపించాడు. పాలు పగిలిపోయాయి. సరిగ్గా మరిగించి తేర్చకపోతే అల్లం ఇట్లాగే చేస్తుందండీ, హోటల్లో దాంతో పెట్టుకోవద్దు అంది అమ్మ. యాలకులది పాయసంలా ఉందన్నాడు. సుగంధిది బాగుంది కానీ కాఫీ వాసన చచ్చిపోయింది. ఉత్త కమలాతొక్కది నాలుక మీద నిలవలేదు. చివరికి మాడ్చిన పంచదార తాగి గ్లాసు కింద పెట్టలేదు.

"ఇది చేదుగా ఉంది కదండీ. అయినా బాగుందెందుకూ?" అని అడిగాడు.

"కాఫీ కూడా చేదే కదండీ. చేదుకి చేదు తోడైతే, తీపి ఎక్కువైనా వెగటు పుట్టదు" అంది అమ్మ.

ఆయన చాలాసేపు మెచ్చుకున్నాడు. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పాడు. ఈ సిరప్పు ఎక్కడ చేయిస్తున్నదీ మన మధ్యే ఉంచుదాం, మిగతా హోటళ్ళవాళ్ళు పోటీకొస్తారు అని. అమ్మ సరేనంది. ఆయన పోయాక నాన్న, పోటీ భయం కాదది అన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. మన గ్లాసులో ఐదుసార్లు తాగాడు, చూశారుగా అంది. ఆ మాట ఆ వారంలో మా ఇద్దరితో ఎన్నిసార్లు చెప్పిందో.

పంచదార మూట, కలిపి రుచి చూసుకోవడానికి కాఫీ గింజలు ఆయనే పంపేవాడు, సీసాకింతని డబ్బిచ్చేవాడు. మంగళవారం, శనివారం ఒక ముసలి రిక్షా ఆయన వచ్చి సీసాలు తీసుకెళ్ళేవాడు. అప్పుడప్పుడు యజమానే వచ్చి చూసి వెళ్ళేవాడు. అమ్మ హాస్టలు నుంచి వచ్చీ రాగానే పొయ్యి ముందు కూర్చునేది. సీసాలు చింతపండుతో తోమి, మరిగే నీళ్ళతో కడిగి, పెరట్లో బోర్లించడం నా పని. ఇల్లంతా మాడు వాసన పట్టింది. నా పుస్తకాలకు, నాన్న చొక్కాలకు, మా దుప్పట్లకు కూడా. అమ్మ మాత్రం ఆ రోజుల్లో నేనెప్పుడూ చూడనంత హుషారుగా ఉంది. తొక్క ఎన్నాళ్ళు ఎండాలి, ఏ ఊరి కమలాలు మంచివి, డికాషనులో చికోరీ ఎక్కువైతే పాకం ఎట్లా మార్చాలి, ఇవే మాటలు. హాస్టల్లో పాతికేళ్ళు సాంబారు, అన్నం వండిన మనిషి. తాను చేసింది ఇంత బాగుందని ఎవరైనా వెతుక్కుంటూ రావడం ఆమెకు అదే మొదటిసారి.

మార్చిలో నా క్లాసుమేటు నన్ను ఆ హోటలుకు తీసుకెళ్ళింది. ఆ అమ్మాయిది పటమట, కలిగిన ఇల్లు. నేను క్రిస్టియన్నని ఆమెకు తెలుసు. నాన్న టీచరని చెప్పాను. అమ్మ ఏం చేస్తుందో చెప్పలేదు. ఊళ్ళో ఎక్కడా లేని కోల్డ్ కాఫీ అంట, ఇప్పిస్తాను రమ్మంది. నాది కాని గర్వంతో బయల్దేరాను.

కౌంటరు పక్కన ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు ఉంది. "మా ఇంట్లో మడితో, శుచిగా కాచిన ప్రత్యేక పాకంతో చేసిన కోల్డ్ కాఫీ." రెండుసార్లు చదివాను. కౌంటరులో ఆయనే ఉన్నాడు. మా పెరట్లో సీసాలు కడుగుతుంటే నన్ను ఎన్నోసార్లు చూశాడు, పలకరించాడు. ఇప్పుడు నా మీదుగా వెనక గోడకేసి చూశాడు.

కాఫీ వచ్చింది. అమ్మ పాకమే. ఒక గుక్క తాగగానే మా ఇల్లు గుర్తొచ్చింది.

"వీళ్ళమ్మగారు తడిబట్టతో కాస్తారట. అందుకే ఆ రుచి. మన ఇళ్ళల్లో చేస్తే వస్తుందా?" అంది నా స్నేహితురాలు.

"రాదు" అన్నాను.

ఆ ఒక్క మాట ఎందుకన్నానో నాకు తెలుసు. చెబితే అమ్మ వంటమనిషని చెప్పాలి. వంటమనిషంటే ఏ ఇంటి మనిషో చెప్పాలి. గ్లాసు ఖాళీ చేసి ఇంటికొచ్చాను. అమ్మ పొయ్యి ముందే ఉంది. చదువెట్లా ఉందంటే బాగుందన్నాను. బోర్డు సంగతి చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుందన్న భయం పట్టుకుంది.

మే నెలలో హాస్టలుకు సెలవులిచ్చారు. అమ్మకు ఆ హోటలు చూడాలనిపించింది. ఒక్కసారి, జనం తాగుతుంటే చూసొద్దామే అంది. ఎండన్నాను, పరీక్షలన్నాను. నాన్ననడిగితే రానన్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఈస్టరుకు కట్టుకునే మంగళగిరి చీర తీసి కట్టుకుని, నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తానంది. వెళ్ళాను.

మమ్మల్ని చూడగానే ఆయన కౌంటరులోంచి లేచి వచ్చాడు. రండి రండి అంటూనే లోపలి మూల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మర్యాదలో లోటేమీ లేదు, కానీ గొంతు తగ్గించి మాట్లాడాడు. రెండు కోల్డ్ కాఫీలు పంపాడు. అమ్మ తన గ్లాసు పట్టుకుని కాసేపు తాగనే లేదు. పక్క బల్లల వాళ్ళను చూస్తూ కూర్చుంది. ఒక ముసలాయన గ్లాసు అడుగున మిగిలిన నురగ స్పూనుతో తీసుకుని తింటుంటే నా మోచెయ్యి నొక్కి చూపించింది. బోర్డు మా వెనక వైపు ఉంది. అమ్మ ఇంకా చూడలేదనుకున్నాను.

అంతలో హాస్టలుకు సరుకులు సప్లై చేసే వ్యాపారి ఒకాయన లోపలికొచ్చాడు. అమ్మను నెలనెలా వంటింట్లో చూసే మనిషి.

"ఏమ్మా, నువ్విక్కడున్నావేంటి?" అన్నాడు. అమ్మ జవాబు చెప్పేలోపే యజమాని వైపు తిరిగాడు. "మిషను హాస్టలు వంటమనిషి కదండీ ఈవిడ. మీకేంటి పని?"

అమ్మ నవ్వుముఖంతో యజమాని వైపు చూసింది. ఆయన చెబుతాడని ఎదురుచూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. చుట్టుపక్కల రెండు మూడు బల్లల వాళ్ళు తలలెత్తారు.

"సీసాలు కడగడానికండీ. వారానికి రెండుసార్లు వస్తుంది" అన్నాడాయన.

వస్తుంది అన్నాడు. మా ఇంట్లో ఒక్కసారి కూడా అమ్మను ఏకవచనంలో అనలేదు.

అమ్మ నవ్వు అట్లాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. వ్యాపారి అమ్మకేసి చూశాడు.

"అవునండీ" అంది అమ్మ. "సీసాలు కడగడానికే."

కడిగేవాళ్ళను బల్ల ముందు కూర్చోబెట్టి కాఫీ పోస్తున్నారే, మంచి యజమాని అని నవ్వి ఆయన తన దారిన పోయి కూర్చున్నాడు. యజమాని కౌంటరుకు వెళ్ళి డ్రాయరులో ఏదో వెతుక్కోసాగాడు. అమ్మ లేచింది. తన సగం తాగిన గ్లాసు, నా గ్లాసు రెండూ చేతిలోకి తీసుకుంది. వంటింటి పక్కన గిన్నెలు కడిగే తొట్టి ఉంది. నేరుగా అక్కడికి వెళ్ళి, రెండు గ్లాసులూ కడిగి, బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. అందరూ చూస్తుండగానే. నేను బల్ల దగ్గరే నిలబడిపోయాను.

బయటికొస్తూ అమ్మ ఆ బోర్డు ముందు ఆగి చదివి, బస్టాపుకు నడిచింది. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. అప్పుడడిగింది.

"ఆ బోర్డు నువ్వు ముందే చూశావా?"

చూశానన్నాను.

"ఎప్పుడు?"

"మార్చిలో."

ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్నే హోటలు యజమాని మా ఇంటికొచ్చాడు. నాన్న కుర్చీ వెయ్యలేదు. అమ్మే తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు. ఆ సమయానికి నోటికి అదే వచ్చిందన్నాడు. తనకు అట్లాంటి పట్టింపులు లేవని మీకు తెలుసు కదా అన్నాడు. కానీ వచ్చేవాళ్ళలో సగంమంది తండ్రి కాలం నుంచి వస్తున్నవాళ్ళు, తెలిస్తే మళ్ళీ గుమ్మం తొక్కరు, తల్లి కూడా ఇంట్లో ఉండనివ్వదు. ఆ మాటలంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ కన్నీళ్ళని నేనిప్పటికీ అనలేను.

"మీరు అబద్ధమాడారని బాధలేదండీ" అంది అమ్మ. "మీరు మా ఇంట్లో తాగారు కదా, అది నిజమనుకున్నాను. నాలుగు గోడల మధ్య మాత్రమే నిజమయ్యేది నాకు అక్కర్లేదు. ఇక కాయను. మీ పంచదార మూలన ఉంది, రిక్షా పంపించండి."

ఆయన బతిమాలాడు. చివరికి, కనీసం ఎట్లా కాయాలో చెబితే ఇంట్లో చేయించుకుంటానన్నాడు. నాన్న గట్టిగా అరవడం నేను చూసింది ఆ ఒక్కసారే. బయటికి నడవమన్నాడు. అమ్మ నాన్నను ఆపి, రాసుకోండి అంది ఆయనతో. జేబులోని కాగితం తీసి గోడకు ఆనించి రాసుకున్నాడు. పంచదార ఎంత రంగు రావాలో, నీళ్ళు ఎంత వేడిగా ఉండాలో, తొక్క ఎంతసేపు మగ్గాలో, ఏ ఒక్కటీ దాచకుండా చెప్పింది. నీళ్ళు పోసేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోవాలని కూడా చెప్పింది.

ఆయన పోయాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. అంత అవమానం చేసినవాడికి అన్నీ ఎందుకు చెప్పావన్నాను.

"దాస్తే దానికోసం మళ్ళీ వస్తాడు" అంది.

హోటల్లో అవునని ఎందుకన్నావని కూడా అడిగాను. ఆమె కూరగాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

"కాదంటే గొడవవుతుంది. గొడవయ్యాక అక్కడున్నవాళ్ళు ఎవరిని బయటికి పంపుతారు? నన్నే కదా. పక్కన నువ్వున్నావు."

మా పొయ్యి దగ్గర మాడు వాసన పోవడానికి ఒక వర్షాకాలం పట్టింది. నేనొకటి కోరుకుంటూ ఉండేదాన్ని. అమ్మ పాకం లేకపోతే ఆ హోటలు వ్యాపారం దెబ్బతినాలని, జనం గ్లాసులు పక్కన పెట్టి ఇదేంటని అడగాలని. దసరా సెలవుల ముందు ఒంటరిగా వెళ్ళాను. బోర్డు అక్కడే ఉంది, అంచులకు కొత్త రంగు వేశారు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. కాఫీ తెచ్చిన సర్వరును, పాకం మార్చారా అని అడిగాను. లేదండీ, మొదట్నుంచీ అయ్యగారింట్లో కాచేదే అన్నాడు.

తాగాను. కాచింది కాదు. బజార్లో చిన్న సీసాల్లో అమ్మే ఎసెన్సు, రంగు కోసం ఏదో కలిపారు. రాసుకున్న కాగితం ఏమైందో, చూస్తూ నిలబడే ఓపిక ఎవరికీ లేకపోయిందేమో. పక్క బల్ల మీద ఒక జంట రెండో గ్లాసు తెప్పించుకుంటున్నారు. ఒక్కరికీ తేడా తెలియలేదు.

ఇంటికొచ్చి అమ్మతో, అస్సలు బాగోలేదమ్మా, ఎవరూ తాగడం లేదు అన్నాను.

"ఎందుకే అబద్ధాలు" అంది. "ఎసెన్సు ఘాటుగానే ఉంటుంది. చల్లగా ఇస్తే జనం తాగుతారు."

తనకు ముందే తెలుసునన్నమాట. రిక్షా ఆయన చెప్పాడేమో, అడగలేదు.

అమ్మ రిటైరయ్యే దాకా ఆ హాస్టల్లోనే పనిచేసింది. దగ్గు పట్టిన పిల్లలకు అల్లం పాకం కాచి ఇచ్చేది. పంచదార మాడ్చడం మాత్రం మళ్ళీ చూడలేదు. ఆ వ్యాపారి నెలనెలా వస్తూనే ఉన్నాడు. హోటల్లో సీసాలు కడగడం మానేశావా అని ఒకసారి అడిగాడట. మానేశానండీ అని చెప్పిందట. పటమట స్నేహితురాలు తన పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను, వాళ్ళింట్లో భోజనం చేశాను. మా అమ్మ ఏం పనిచేస్తుందో ఆమెకు చివరిదాకా తెలియదు.

చాలా ఏళ్ళు ఆ హోటలు యజమానిని తిట్టుకున్నాను. వయసొచ్చాక అది కూడా సులువుగా రావడం లేదు. ఆయన భయంతో ఒక మాటన్నాడు, మర్నాడే గుమ్మంలోకొచ్చి ఒప్పుకున్నాడు. నేను మార్చి నుంచి మే దాకా అమ్మతో ఒకే ఇంట్లో తిరుగుతూ, ఆమె వండినది తింటూ, ఆమె కాచే సీసాలు కడుగుతూ నోరు విప్పలేదు. అడిగితే చూశానన్నానే కానీ, తప్పని ఎప్పుడూ ఒప్పుకోలేదు. అమ్మ ఆయన్ని ఒక్క తిట్టూ తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. కుర్చీ తెచ్చి వేసినప్పుడు ఆయనతో ఎంత మర్యాదగా మాట్లాడిందో, ఆ తర్వాత కొన్నాళ్ళ పాటు నాతోనూ అంతే మర్యాదగా మాట్లాడింది.